జర్మన్ ఆర్మీ ఆఫీసర్ బాకు: అసలుదేనా? 400 యూరోలు పెట్టొచ్చా?

రైన్‌తీరం:

నమస్తే అందరికీ. నేను ఉండేది వుప్పర్టాల్‌లో, కత్తులకు పేరున్న జోలింగెన్ మాకు పక్క ఊరే. ఇక్కడ ఆదివారం పాతసామాన్ల సంతలో ఒక పెద్దాయన దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఆర్మీ ఆఫీసర్ బాకు చూశాను. 480 యూరోలు చెప్పాడు, గట్టిగా అడిగితే 400కి దిగేలా ఉన్నాడు. చరిత్ర అంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి, కానీ ఇలాంటి వస్తువు ఎప్పుడూ కొనలేదు, అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నా.

ఫొటోలు జత చేశాను. పిడి నారింజ రంగులో ఉంది, మెలితిరిగిన గాడులు, తీగ చుట్టలేదు. పిడి పైన గుండు మీద ఓక్ ఆకుల చెక్కడం. పిడికీ అలుగుకీ (అంటే బ్లేడ్‌కీ) మధ్య అడ్డంగా ఉండే భాగం మీద రెక్కలు చాపిన గద్ద, దాని కాళ్ళ దగ్గరున్న నాజీ గుర్తు మీద టేపు అంటించాడు. ఒర మీద సన్న గులకలు పరిచినట్టు గరుకు పని, తగిలించుకోవడానికి రెండు రింగులు. అలుగు మీద కత్తి పట్టుకున్న ఉడుత బొమ్మ, చుట్టూ ఒరిజినల్ ఐక్‌హార్న్ జోలింగెన్ అని జర్మన్‌లో ఉంది. వాళ్ళ తాత రష్యా ఫ్రంట్‌లో నడుముకి కట్టుకుని తిరిగిన బాకు అట.

నాకు రెండు డౌట్లు. ఒర మీద పూత చాలాచోట్ల పోయి నల్లబడింది, అలుగు మాత్రం నిన్న షాపులో కొన్నట్టు అద్దంలా ఉంది. పిడిని పట్టుకుని తిప్పితే కొద్దిగా కదులుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, వచ్చే ఆదివారం లోపు తేల్చుకోవాలి.

పాత_ఇనుము:

ఫొటోలు చూశానండీ. చివరి మాట ముందే చెప్తాను, విప్పి చూపించకపోతే కొనకండి. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త పొడుగు అవుతుంది.

ఉడుత బొమ్మను అసలు లెక్కలోకి తీసుకోకండి. కార్ల్ ఐక్‌హార్న్ జోలింగెన్‌లో పెద్ద కంపెనీ, కొత్తగా మొదలుపెట్టిన ప్రతివాడికీ ముందు తెలిసే గుర్తు అదే, కాబట్టి నకిలీ చేసేవాడు కూడా ముందు దాన్నే వేస్తాడు. మిగతా కంపెనీల్లో డబ్ల్యూకేసీకి వీరుడి శిరస్త్రాణం, హోలర్‌కి థర్మామీటర్, పూమాకి పూమా తల, అల్కోసోకి త్రాసు, ఇలా ఎవరి గుర్తు వాళ్ళకుంది, అన్నిటికీ నకళ్ళున్నాయి. గుర్తు ఉందా లేదా అన్నది కాదు, ఎలా వేశారు అన్నది చూడాలి. ఆ రోజుల్లో ఈ బాకుల మీద గుర్తును యాసిడ్‌తో తినిపించి తీసేవాళ్ళు, భూతద్దంలో చూస్తే గీత అంచు పదునుగా, అడుగు మాత్రం కాస్త గరుకుగా బూడిద రంగులో కనిపిస్తుంది. లేజర్‌తో చేసినదైతే అడుగున ఒకే లోతులో సన్నని సమాంతర గీతలు కనబడతాయి. సుత్తితో గుద్దిన ముద్ర అయితే చుట్టూ లోహం కొంచెం ఉబ్బి ఉంటుంది. మీ ఫొటోలో ఇదేదీ తేలట్లేదు, ఫోన్‌ని భూతద్దం వెనక పెట్టి మళ్ళీ తీయండి.

ఇక వస్తువు సంగతి. ఆర్మీ ఆఫీసర్ల బాకు 1935లో వచ్చింది, డిజైన్ పాల్ కాస్‌బెర్గ్ చేశాడు. ఇది యుద్ధంలో పొడవడానికి చేసింది కాదు, యూనిఫారం మీద షోకుగా వేలాడదీసుకునేది, పరేడ్లకి, విందులకి, బయట తిరగడానికి. రష్యా బురదలో, మంచులో దీన్ని నడుముకి కట్టుకుని పోరాడాడు అనే కథ దగ్గరే నాకు చిరాకు పుట్టింది. తాత ఆఫీసరే అయితే బాకు ఇంట్లో పెట్టెలో ఉండే అవకాశమే ఎక్కువ. అబద్ధమనను, మనవళ్ళు కథల్ని పెంచుతారు, అది వేరే విషయం, కానీ 400 యూరోల్లో కథకి మాత్రం పైసా ఇవ్వొద్దు.

అసలు, నకిలీ అని రెండే రకాలనుకుంటారు చాలామంది. ఎక్కువగా కాళ్ళకి తగిలేది మూడో రకం, అన్నీ అసలు భాగాలే, కానీ ఒకే బాకువి కావు. యుద్ధం ముగిసేసరికి జోలింగెన్ ఫ్యాక్టరీల్లో బిగించని అలుగులు, పిడులు, ఒరలు గుట్టలుగా మిగిలిపోయాయి. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం వచ్చింది, తర్వాత ఆ ప్రాంతం బ్రిటిష్ వాళ్ళ అధీనంలోకి వెళ్ళింది, సైనికులకి జ్ఞాపికలు కావాలి, అక్కడివాళ్ళకి తిండికి డబ్బు కావాలి, ఉన్న భాగాలు బిగించి అమ్మేశారు. ఆ తర్వాత దశాబ్దాల్లో కూడా వ్యాపారులు మిగిలిన సరుకు కొని బిగిస్తూనే ఉన్నారు, అసలు భాగాలు అయిపోయినచోట కొత్తవి పోత పోసి కలిపారు. ఇలాంటి అతుకుల బాకుకి గుర్తు నిజం, అలుగు నిజం, ఒర నిజం, మొత్తం మీద మాత్రం 1938లో ఏ ఆఫీసరూ దాన్ని ధరించలేదు. ధర సగానికి పడిపోతుంది.

మీ డౌట్లు రెండూ సరైన చోటే ఉన్నాయి. ఒర లోపల అలుగుని పట్టి ఉంచడానికి రేకు స్ప్రింగులుంటాయి. ఏళ్ళ తరబడి తీసి పెడుతూ ఉంటే ఆ స్ప్రింగులు అలుగు మీద నిలువుగా సన్నని గీతలు పడేస్తాయి. ఒర అంతగా అరిగిపోయి అలుగు మీద ఒక్క గీత కూడా లేకపోతే ఆ రెండూ కలిసి బతకలేదని అర్థం. అయితే తొందరపడొద్దు, చాలా ఆర్మీ అలుగులకి నికెల్ పూత ఉంటుంది, ఒరలో జాగ్రత్తగా ఉన్నవి ఇప్పటికీ మెరుస్తాయి. మెరుపుని చూడకండి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి ఆ నిలువు గీతలున్నాయా చూడండి.

పిడి కదలడానికి కారణాలు చాలా ఉంటాయి. పైన గుండు మరతో బిగించి ఉంటుంది, వదులైతే తిరుగుతుంది. లోపలి తోలు పట్టీ ఎండిపోయినా, పిడి కుంచించుకుపోయినా అంతే. లేదా వేరే బాకు పిడి తెచ్చి ఎక్కించారు. ఏది అన్నది విప్పితేనే తెలుస్తుంది. గుండుని చేత్తో ఎడమవైపు తిప్పితే వచ్చేస్తుంది, పట్టకారు పెట్టనివ్వకండి, గుండు మీద ఓక్ ఆకులు నలిగిపోతాయి. పిడి తీశాక అలుగు తోక, అంటే పిడి లోపలికి వెళ్ళే భాగం, చూడండి. నిజమైనదైతే సాగగొట్టిన ఇనుములా మొరటుగా, గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది, కొన్నిటి మీద పనివాళ్ళు వేసుకున్న చిన్న అంకెలు కూడా ఉంటాయి. వెల్డింగ్ అతుకు కనబడినా, తోక మాత్రం తెల్లగా మెరుస్తున్నా అక్కడే వదిలేసి ఇంటికొచ్చేయండి.

మెటలర్జీ_మాస్టారు:

పై అన్న బాగా రాశారు, నేను లోహాల గురించి కొంచెం కలుపుతాను.

జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి. ఆర్మీ బాకు ఒర మామూలుగా ఇనుప రేకు మీద పూత, అయస్కాంతం పట్టుకోవాలి. గద్ద ఉన్న అడ్డుభాగానికీ, గుండుకీ పట్టకూడదు. ఇది పాసైతే అసలుది అని కాదు, ఫెయిలైతే మాత్రం ఇక ఆలోచించక్కర్లేదు.

ఈ బిగింపు భాగాలకి తొలి ఏళ్ళలో మంచి లోహాలు వాడారు, యుద్ధం ముదిరి ముడిసరుకు దొరకని రోజుల్లో జింక్ మిశ్రమానికి దిగారు, దాని మీద పల్చని పూత. జింక్ ముసలిదయ్యే తీరు వేరు, పూత కింద చిన్న చిన్న బుడగల్లా లేస్తుంది, పూత పోయినచోట నీరసమైన బూడిద రంగు వస్తుంది. ఇత్తడి అయితే సందుల్లో పచ్చ చిలుము పడుతుంది. మీరు చూడాల్సింది ఏంటంటే, తొలినాటి గుర్తు ఉన్న అలుగుకి చివరినాటి జింక్ అడ్డుభాగం ఉందా అని. ఐక్‌హార్న్ గుర్తు ఏళ్ళు గడిచేకొద్దీ రూపు మార్చుకుంది, ఏ రూపం ఎప్పటిదో కలెక్టర్ల పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంటుంది. గుర్తు ఒక కాలం చెప్పి, లోహం ఇంకో కాలం చెప్తే మధ్యలో ఎవరిదో చెయ్యి పడింది.

నకిలీ చేసేవాళ్ళు అసలు భాగం నుంచే అచ్చు తీస్తారు. కరిగిన లోహం చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుంటుంది కాబట్టి నకలు అసలుదానికంటే వెంట్రుకవాసి చిన్నదవుతుంది. వెర్నియర్‌తో కొలిస్తే తేడా దొరుకుతుంది. గద్ద ఈకలు కూడా మెత్తబడతాయి, ఒర మీద గులకలు విడివిడిగా ఉండాల్సింది పోయి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, సందుల్లో గుండుసూది మొన అంత గుంటలు కనబడతాయి. అసలు వాటిల్లోనూ పోత భాగాలున్నాయి, అందుకే పోత అనగానే కొట్టిపారేయకండి, కానీ వాటికి పోత తర్వాత చేతితో గీసి సరిదిద్దిన పని ఉంటుంది.

పాతదనం తెప్పించిన వస్తువుని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. యాసిడ్‌లోనో ఉప్పునీళ్ళలోనో వేస్తే మరక అంతటా ఒకేలా పడుతుంది. నిజంగా చేతులు మారినదానికి ఎత్తైన చోట్లు అరిగి నునుపెక్కుతాయి, పల్లాల్లో మట్టి గట్టిపడి కూర్చుంటుంది. పాత బిందె అడుగూ అంచూ చూస్తే తెలియదా ఎక్కడ ఆనింది, ఎక్కడ చెయ్యి తగిలింది అని, అలాగే.

పిడి గురించి. చాలావాటికి చెక్క మీద సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ తొడుగు. బట్టతో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వస్తుంది, సెల్యులాయిడ్‌లో కర్పూరం కలుపుతారు మరి. తెల్లగా ఉన్నది కూడా ఏళ్ళు గడిచాక పసుపుకి, నారింజకి తిరుగుతుంది, ఒక వైపు ఎక్కువ ముదిరి ఇంకో వైపు తక్కువ ముదిరి ఉంటే మంచి లక్షణమే, వెలుతురు ఒక వైపే పడి ఉంటుంది. యూట్యూబ్‌లో ఎవరో కాల్చిన సూదితో గుచ్చి టెస్ట్ చేయమంటున్నారు, చచ్చినా చేయొద్దు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. అమ్మేవాడి బల్ల కూడా పోతుంది.

బాకుకి కట్టే వెండిరంగు జరీ కుచ్చు ఉంటే దాన్ని చీకట్లో యూవీ టార్చ్‌తో చూడండి. నీలంగా మెరిసిపోతే అనుమానించండి. బట్టలకి, దారాలకి తెల్లదనం పెంచే రసాయనాలు యుద్ధం తర్వాతే మామూలయ్యాయి. ఆ డిటర్జెంట్లతో ఉతికినా మెరుస్తుంది, కాబట్టి ఇది ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

సత్తెనపల్లి_వాడు:

ఇంత కష్టపడి నాజీల కత్తి ఇంట్లో పెట్టుకోవడం ఎందుకండీ? దండం పెట్టుకునే గోడ మీద వేలాడదీస్తారా? కోట్లమందిని చంపినవాళ్ళ అలంకారం అది. 400 యూరోలకి ఇండియాకి టికెట్ దొరుకుతుంది, అమ్మానాన్నల్ని చూసి రండి.

రైన్‌తీరం:

అన్నా మీ కోపం అర్థమైంది. గోడకి పెట్టే ఉద్దేశం లేదు, ఆ పార్టీ మీద మోజూ లేదు. జోలింగెన్ పనితనం మీద ఆసక్తి అంతే. టికెట్ 400కి వచ్చే సీజన్ చెప్పండి, వెంటనే బుక్ చేస్తా.

పాత_ఇనుము:

సత్తెనపల్లి అన్న అడిగింది అడగాల్సిన ప్రశ్నే. ఈ వస్తువులు కొనేవాళ్ళలో ఆ భావజాలం మీద మోజుతో వచ్చేవాళ్ళు ఉన్నారు, దాచిపెట్టి లాభం లేదు, అలాంటివాళ్ళ గ్రూపుల్లోంచి నేను బయటికొచ్చేస్తాను.

అసలు ఈ అలుగుల వెనక కథ తెలిస్తే షోకు అదే దిగుతుంది. పైన అల్కోసో త్రాసు గుర్తు గురించి రాశాను కదా, ఆ కంపెనీ కాపెల్ అనే యూదు కుటుంబానిది, 1821లో మొదలైంది. నాజీలు వచ్చాక ఆ కుటుంబం చేతుల్లోంచి కంపెనీ పోయింది, పేరూ గుర్తూ మాత్రం అలాగే వాడుకున్నారు. ఆ ఇంటి పెద్ద అలెగ్జాండర్ కాపెల్‌ని 1942లో టెరేజియన్‌స్టాట్ అనే నాజీల నిర్బంధ శిబిరానికి తరలించారు, అక్కడే చనిపోయాడు. త్రాసు గుర్తున్న బాకుని మ్యూజియం అద్దంలో చూస్తే నాకు గద్ద కనబడదు, ఈ సంగతే గుర్తొస్తుంది.

రైన్‌తీరం గారూ, మీకు జోలింగెన్ పక్కనే కాబట్టి గ్రేఫ్రాట్‌లో పాత మఠం భవనంలో ఉన్న కత్తుల మ్యూజియంకి వెళ్ళండి. కొనే ముందు అసలు పనితనం కళ్ళకి అలవాటు కావాలి. ఫొటోల్లో వందలు చూసినదానికంటే అక్కడ అద్దానికి ముక్కు ఆనించి చూసిన గంట ఎక్కువ నేర్పుతుంది.

హైటెక్_బావ:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ఒక ఆన్‌లైన్ సైట్‌లో ఎస్‌ఏ (నాజీ పార్టీ సొంత దళం) బాకు, దాని మీద ఎర్న్‌స్ట్ రోమ్ పేరుతో పూర్తి అంకితం చెక్కి ఉంది, 900 డాలర్లు. రేర్ అంటున్నారు. టెంప్టింగ్‌గా ఉంది.

పాత_ఇనుము:

బావగారూ, కార్డు జేబులో పెట్టేయండి.

ఎస్‌ఏ బాకు 1933లో వచ్చింది, 16వ శతాబ్దపు స్విస్ బాకు ఆకారం. 1934లో ఎస్‌ఏ నాయకుడు రోమ్ తన పేరుతో స్నేహపూర్వకంగా అని అలుగు వెనక రాయించిన బాకులు పంచాడు. అదే ఏడాది జూన్ 30న హిట్లర్ ఎస్‌ఏ నాయకత్వం మీద పడ్డాడు, రోమ్‌ని కాల్చేశారు, బాకుల మీద ఆ పేరు చెరిపేయమని ఆదేశం వచ్చింది. ఉన్నవాళ్ళలో చాలామంది సానబట్టి చెరిపేసుకున్నారు. కాబట్టి చెరిపినవి దొరకడమే సహజం, చెరపకుండా మిగిలినవి చాలా తక్కువ, వాటి ధర వేలల్లో. 900కి ఇస్తున్నాడంటే వాడికి ఆ చరిత్ర తెలియదనుకోవాలి, లేదా మీకు తెలియదని వాడు అనుకోవాలి. మామూలు అసలు ఎస్‌ఏ బాకు తీసుకుని దాని మీద కొత్తగా అంకితం చెక్కేవాళ్ళున్నారు, ఇంకా తెలివైనవాళ్ళు ఏమీ లేని అలుగుని సానబట్టి, రోమ్ పేరు చెరిపినట్టు మచ్చ చేసి అమ్ముతారు.

ఎస్‌ఏ అలుగుల్లో చూడాల్సింది సాన గీతలు. ఫ్యాక్టరీలో సాన పట్టినప్పుడు అలుగుకి అడ్డంగా సన్నని గీతలు పడతాయి, వెలుతురులో పట్టులా మెరుస్తాయి. పాలిష్ కాగితంతో రుద్దినవాడు ఎప్పుడూ పొడుగునా రుద్దుతాడు, ఆ అడ్డగీతలు పోతాయి. వాటిని మళ్ళీ తెప్పించడం అంత తేలిక కాదు. 1935, 36 ప్రాంతంలో కంపెనీ గుర్తుల స్థానంలో ఆర్‌జెడ్‌ఎం అనే పార్టీ సరుకుల శాఖ ముద్ర, ఎం7 అని, పక్కన కంపెనీ నంబర్ వచ్చాయి, ఐక్‌హార్న్‌ది 66. గుర్తూ నంబరూ రెండూ ఉన్నవి కనబడితే కంగారుపడకండి, మారే రోజుల్లో అలా చేశారు.

డమాస్కస్ ఉక్కు అలుగు అని ఎవరైనా చెప్తే ఇంకా జాగ్రత్త. ఆ ఉక్కు మీద కనిపించే అలల్లాంటి గీతలు లోహంలోనే ఉండాలి, పైన యాసిడ్‌తో గీసిన బొమ్మలా ఉండకూడదు.

కొల్లేటి_కొంగ:

ఈ థ్రెడ్ చూసి మా ఇంట్లో ఉన్నదాని గురించి అడగాలనిపించింది. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో ఇంజనీర్ల దళం) చేసేవారు, 4వ ఇండియన్ డివిజన్‌తో ఇటలీ వెళ్ళారు. అక్కడి మోంటే కాసినో అనే కొండ దగ్గర పోరాటం గురించి అమ్మమ్మకి చెప్పేవారట. ఆయన ట్రంకు పెట్టెలో ఒక జర్మన్ తుపాకీ కత్తి (తుపాకీ మొనకి తగిలించే బాయొనెట్) ఉంది, ముదురు ఎరుపు గోధుమ రంగు పిడి, రెండు మరలతో బిగించి ఉంది, నల్ల ఇనుప ఒర. అలుగు మొదట్లో ఒక వైపు సి ఓ ఎఫ్ అని ఇంగ్లీషు అక్షరాలు, 43 అని అంకె, ఇంకో వైపు నాలుగంకెల నంబర్, కింద చిన్న అక్షరం. అమ్మే ఆలోచన అస్సలు లేదు. మా అన్నయ్య మాత్రం అది మిలిటరీ క్యాంటీన్లో కొన్న బొమ్మ కత్తి అని ఏడిపిస్తాడు.

పాత_ఇనుము:

కొంగ గారూ, ఒరకి కూడా నంబర్ కొట్టి ఉంటుంది చూడండి. అలుగు మీద నంబరూ అక్షరమూ ఒర మీదా అవే ఉంటే, ఆ రెండూ ఫ్యాక్టరీ నుంచి జోడీగా వచ్చినవి. ఆర్మీ ఆఫీసర్ల షోకు బాకుకి లేని సౌకర్యం ఇది, అందుకే కొత్తవాళ్ళకి నేను ముందు ఈ తుపాకీ కత్తులతోనే నేర్చుకోమంటాను.

సి ఓ ఎఫ్ అంటే ఐక్‌హార్నే. యుద్ధంలో కంపెనీల పేర్లు శత్రువుకి తెలియకుండా అక్షరాల కోడ్‌లు పెట్టారు, డబ్ల్యూకేసీకి సి వి ఎల్, హార్‌స్టర్‌కి ఎ ఎస్ డబ్ల్యూ. 43 తయారైన సంవత్సరం. మీరు చెప్పిన పిడి బేకలైట్, ఆ కాలానికి సరిపోతుంది. పిడి పైభాగంలో చిన్న గద్ద, కింద అంకెలు ఉండే తనిఖీ ముద్రలు వెతకండి.

ఇంకో లెక్క చూడండి. 4వ డివిజన్ కాసినోలో ఉన్నది 1944 తొలి నెలల్లో, ఆ ఏడాది చివరికి గ్రీస్ వెళ్ళిపోయింది. 43లో తయారైన కత్తి ఇటలీలో దొరకడం కాలానికి అతికినట్టు సరిపోతుంది. అలుగు మీద 45 అని ఉంటే కథని మళ్ళీ అడగాల్సి వచ్చేది. పైగా యుద్ధం తర్వాత జోలింగెన్‌లో బిగించి అమ్మిన సరుకు గొడవ మీకు లేదు, ఆయన అక్కడికి వెళ్ళలేదు కదా. మీ అన్నయ్యకి ఇది చదివి వినిపించండి.

ఒక్క పని మాత్రం చేయకండి, బ్రాసో పెట్టి తోమకండి. తుప్పు ఉంటే తేలికపాటి మెషీన్ ఆయిల్, మెత్తని బట్ట, అంతే. నల్ల రంగు పోతే మళ్ళీ రాదు. తాతగారి సర్వీసు కాగితాలు, ఫొటోలు ఏమున్నా కత్తితోపాటే ఒకేచోట ఉంచండి. సంతలో చెప్పే కథకీ మీ ఇంటి కథకీ తేడా ఆ కాగితాలే.

లా_పాయింట్:

ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి, చట్టం. జర్మనీలో 18 ఏళ్ళు దాటినవాళ్ళు ఇలాంటి బాకు ఇంట్లో పెట్టుకోవచ్చు, బహిరంగ ప్రదేశంలో వెంట పెట్టుకుని తిరగకూడదు, కొన్నాక ఇంటికి తెచ్చేటప్పుడు తాళం వేసిన పెట్టెలో తేవడం మంచిది. నాజీ గుర్తుని బహిరంగంగా చూపించడం క్రిమినల్ కోడ్ 86ఎ కింద నేరం, చరిత్ర పరిశోధన, బోధన లాంటివాటికి మినహాయింపు ఉంది. అమ్మేవాడు టేపు అంటించింది అందుకే. ఆ టేపు తీసి ఫొటో ఇన్‌స్టాలో పెట్టకండి.

ఇండియాకి తెచ్చే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మన ఆయుధాల నియమాలు 2016 షెడ్యూల్‌లో బాకులు, తుపాకీ కత్తులు పేరు పెట్టి ఉన్నాయి, అలుగు 9 అంగుళాలు దాటితే ఆ లెక్కలోకి వస్తుంది. ఆర్మీ బాకు అలుగు సుమారు 25, 26 సెంటీమీటర్లు, అంటే పదంగుళాలు. దిగుమతికి లైసెన్స్ కావాలి, లేకపోతే శంషాబాద్ కస్టమ్స్ దగ్గర వస్తువూ పోతుంది, మీరూ ఇరుక్కుంటారు. యాంటిక్ కదా వదిలేస్తారు అనుకోకండి, మన పురావస్తు చట్టం మామూలుగా చూసేది వందేళ్ళు, 1935 తర్వాతది ఇంకా ఆ వయసుకి రాలేదు.

కొంగ గారూ, మీది కూడా 9 అంగుళాలు దాటేదే. ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్స్ అవసరమా అన్నది మీ ప్రాంతానికి ఆయుధాల చట్టం సెక్షన్ 4 నోటిఫికేషన్ ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తెలిసిన లాయర్‌ని ఒకసారి అడిగి పెట్టుకోండి, టెన్షన్ పడేంత విషయం కాదు.

రైన్‌తీరం:

అప్‌డేట్. ఈ ఆదివారం అయస్కాంతం, భూతద్దం వేసుకుని వెళ్ళాను. ఒరకి అయస్కాంతం పట్టింది, గద్దకి పట్టలేదు. పిడి రుద్దితే కర్పూరం వాసన బాగానే వచ్చింది. ఇంతవరకూ సంతోషమే. అలుగు మీద మాత్రం ఏటవాలుగా ఎంత చూసినా స్ప్రింగు గీతలు లేవు, ఒరలో పెడితే సగం దాకా వదులుగా వెళ్ళి చివర్లో బిగుసుకుంటోంది. ఉడుత బొమ్మ అడుగున మాస్టారు... కాదు, ఇనుము అన్న చెప్పిన సమాంతర గీతలు స్పష్టంగా కనబడ్డాయి, ఫొటో పెట్టాను.

గుండు విప్పుతానంటే ముసలాయన ఒప్పుకోలేదు, వాళ్ళ తాత బిగించింది బిగించినట్టే ఉండాలట. 300కి దిగాడు.

మెటలర్జీ_మాస్టారు:

ఫొటో చూశాను, అది లేజరే. గీతల మధ్య ఎడం ఒకేలా ఉంది. పిడి, ఒర అసలువి అయ్యుండొచ్చు, అలుగు కొత్తది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్, వజీరాబాద్ వైపు నుంచి విడి అలుగులు కూడా వస్తున్నాయి. అక్కడివాళ్ళు రెప్లికా అని చెప్పే అమ్ముతారు, నాలుగు చేతులు మారేసరికి దానికి ఒక తాత పుడతాడు.

పాత_ఇనుము:

అతుకుల బాకు కంటే ఒక మెట్టు కింద. ఒర, పిడి, గద్ద మూడూ అసలువైతే విడిభాగాలుగా వాటికి ధర ఉంది, కానీ విప్పకుండా ఆ లెక్క కూడా వేయలేం. 300కి వద్దు. నిజంగా విప్పితే పాడైపోతుందని భయపడేవాళ్ళూ ఉంటారు, ఈయన మోసగాడని నేననను, వాళ్ళ నాన్నే ఎప్పుడో ఎక్కడో కొని ఉండొచ్చు. ఆ పెద్దాయనతో గొడవ పెట్టుకోకుండా దండం పెట్టి వచ్చేయండి.

రైన్‌తీరం:

వచ్చేశాను అన్నా. అదే సంతలో ఇంకో బల్ల మీద మొదటి ప్రపంచ యుద్ధం నాటి తుపాకీ కత్తి ఉంది, 98/05 అన్నాడు, చివర వెడల్పుగా కసాయి కత్తిలా ఉంటుంది. 90 యూరోలు. గద్దా లేదు, ఆ గుర్తూ లేదు. దీనికేం చూడాలి?

పాత_ఇనుము:

అలుగు వెన్ను చూడండి, మందంగా ఉండే పైవైపు. అక్కడ కిరీటం, దాని కింద రాజు పేరులోని అక్షరం, కింద రెండంకెలు ఉండాలి. డబ్ల్యూ, 16 అని ఉంటే కైజర్ విల్‌హెల్మ్ కాలంలో 1916లో తనిఖీ అయినది. అలుగు మొదట్లో కంపెనీ పేరు ఉంటుంది. పిడి చెక్క పలకల మరలు చెడి ఉన్నాయా, అలుగుని సానబట్టి పల్చబరిచారా అన్నది చూసుకోండి, వీటితో తర్వాత పొలాల్లో కొమ్మలు కొట్టుకున్నవాళ్ళున్నారు. ధర మరీ ఎక్కువేం కాదు. వెన్ను మీద ముద్ర కనబడేలా దగ్గరి నుంచి ఒక ఫొటో, ఒర చివరది ఒకటి పెట్టండి, చూసి చెప్తాను.